శెట్టిగారి ఫియట్టు, తులసమ్మ తుప్పు

నంద్యాలలో పాలబండ్లు తిరిగే వేళకు విశ్వేశ్వరయ్య శెట్టి కారు తుడవడం మొదలుపెడతాడు. అది పాతకాలపు ఫియట్టు. మీగడ రంగు, గుండ్రటి ముఖం, నవ్వాలా వద్దా అన్నట్టుండే మూతి. మొదట తడిబట్ట, తర్వాత పొడిబట్ట, ఆ తర్వాత తన పాత బనియను. అద్దాల మీద నోటితో ఆవిరి ఊది మరీ తుడుస్తాడు. లోపల్నుంచి తులసమ్మ కాఫీ గ్లాసు తెచ్చి అరుగు మీద పెట్టి, "చల్లారిపోతాంది" అంటుంది. "ఆఁ, వస్తాండా" అంటాడు ఆయన. వచ్చేసరికి కాఫీ మీద మీగడ కడుతుంది.

"ఈ ఇంట్లో మొదటి అభిషేకం కారుకి, రెండోది నరసింహస్వామికి. మూడోది ఎవరికీ లేదు" అని ఆమె పక్కింటి వందనతో నవ్వుతూ అంటుంది. నవ్వుతూనే అంటుంది, గమనించండి. అక్కడే ఉంది కథంతా. కాస్త ముందుకు జరిగి కూర్చోండి, వెనకున్న వాళ్ళకి కూడా చోటు కావాలి కదా.

ఇక్కడెవరైనా బయటూరి వాళ్ళుంటే వాళ్ళ కోసం ఒక మాట చెప్పి ముందుకు పోతాను. మా వైపు ఎవరికైనా కడుపుమంట పుడితే వాళ్ళ ఇంటి ఇనుము తుప్పు పడుతుంది. పక్కింట్లో కొత్త ఫ్రిజ్జు దిగితే ఇవతలింటి గేటు కిర్రుమంటుంది. తోడికోడలు వంకీ చేయించుకుంటే కత్తిపీట ఎర్రబడుతుంది. దానికెవరూ నోరు తెరవరు. ఎవరి తుప్పు వాళ్ళే తోముకోవాలి, మరొకరు తోమితే మళ్ళీ వస్తుంది అని చిన్నప్పుడే నేర్పుతారు. కాస్త చింతపండు, కాస్త ఇటుకపొడి, పెరట్లో ఓ మూల. ఏ తుప్పు ఎవరిదో అందరికీ తెలుసు, పైకి మాత్రం అనరు. అది మర్యాద.

అలాంటి ఊళ్ళో విశ్వేశ్వరయ్యది ఇనుప సామాన్ల అంగడి. మేకులు, తలుపు బందులు, గడియలు, గొలుసులు, తాళాలు. ఆయన అంగడిలో మేకు వానలో పారేసినా తళతళలాడుతుంది. ఎందుకంటే ఆయనకు అసూయ అంటే ఏమిటో తెలియదు. ఎదురుగా ఎవరో ఇంకా పెద్ద ఇనుప అంగడి తెరిచినా, దాని ప్రారంభానికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టి వచ్చాడు. ఆత్మకూరు నుంచి, ప్యాపిలి నుంచి జనం వచ్చి మరీ ఆయన దగ్గరే బందులు కొంటారు. "శెట్టి మనసులాంటి ఇనుము" అని పేరు. ఆ నరసింహుడి కృప, ఇంకేమనాలి!

ఊరంతా మెచ్చుకునే ఆ గుణమే తులసమ్మకు గిట్టదు.

ఒకసారి ఏమైందో చెప్తాను. బట్టల అంగడి ఉమాశంకర్ ఏదో పని మీద వచ్చి వాళ్ళింట్లో భోంచేశాడు. "తులసమ్మొదినా, నీ గోంగూర తిన్నాక ఇంక మా ఇంటి కూడు నోటికి పోదు. ఏం చెయ్యి ఒదినా నీది!" అని పొగిడాడు. ఆ చెయ్యి వైపు చూసి ఇంకోసారి పొగిడాడు. తులసమ్మ మొగుడి వైపు చూసింది. శెట్టి మజ్జిగ పోసుకుంటూ, "రోజూ రాప్పా, ఈడనే తిను. ఇద్దరం కలిసి తింటే నాకూ బాగుంటాది" అన్నాడు.

ఆ సాయంత్రం ఏదో వంకతో తులసమ్మ అంగడికి వెళ్ళింది. ఆయన అటు తిరగగానే మేకుల డబ్బాలో చెయ్యి పెట్టింది. పైనున్నవి చూసింది, అడుగున ఉన్నవి చూసింది. ఒక్కటంటే ఒక్కటి ఎర్రబడి ఉంటే చాలు. అన్నీ తళతళ. ఇంటికొచ్చి ఆ రాత్రి అన్నం తినలేదు. "కడుపు బాగలేదా?" అని అడిగి వాము తెచ్చిచ్చాడు ఆ మంచి మనిషి.

ఇక కారు సంగతి. అది శెట్టి మొదటి భార్య అరుణకుమారిది. ఆమె పుట్టింటి నుంచి ఆమెతో పాటు వచ్చింది. పెళ్ళయిన కొన్నాళ్ళకే ఆమె జ్వరంతో పోయింది. కారు మిగిలింది. డ్రైవరు పక్క సీటులో ఆమె కప్పుకునే నీలం శాలువా ఇప్పటికీ మడత పెట్టి ఉంటుంది. తులసమ్మ కొత్త పెళ్ళికూతురిగా వచ్చిన రోజు శెట్టి కారు వెనక తలుపు తీశాడు. ఆమె ఎక్కి కూర్చుంది. ముందు కూర్చోవద్దని ఆయన అనలేదు. కూర్చోమనీ అనలేదు. కూతురు సాత్విక పుట్టి, పెరిగి, ఆత్మకూరుకు కోడలుగా వెళ్ళాక కూడా తులసమ్మ వెనక సీటులోనే ఉంది. ముందర మొగుడి బట్టతల, దాని పక్కన నీలం శాలువా. ఎన్నేళ్ళు చూసిందో ఆ రెండింటినీ!

బతికున్న సవతి అయితే జుట్టు పట్టుకోవచ్చు. పోయినామె ముందు ఏం చేస్తాం? సాక్షాత్తూ అహోబిలం అమ్మవారే, స్వామి చెంచులక్ష్మిని చేపట్టాడని అలిగి కూర్చుందని మా పెద్దలు చెబుతారు. అమ్మవారికే తప్పనిది తులసమ్మకు తప్పుతుందా?

కానీ ఆమె గుట్టుగల మనిషి. తన తుప్పు నలుగురి కంటా పడితే మొగుడికి నామర్దా. పొద్దున్నే అంత కష్టపడి తుడుచుకుంటాడు పాపం. అందుకే ఆమె కడుపుమంట కారు బంపరు జోలికి పోలేదు, తలుపుల జోలికి పోలేదు. ఎవరూ తొంగి చూడని చోటికి, పెట్రోలు ట్యాంకు లోపలికి పోయి కూర్చుంది.

సంక్రాంతి వెళ్ళాక అహోబిలం స్వామి పల్లకిలో ఊరూరా తిరుగుతాడు. తన పెళ్ళికి తానే వచ్చి జనాన్ని పిలుస్తాడు. మా స్వామికి అంత ప్రేమ. ఆ పిలుపు అందుకున్నవాళ్ళు ఫాల్గుణంలో కల్యాణానికి వెళ్ళాలి. శెట్టి ఏటా ఆ ఫియట్టులోనే వెళతాడు, ఏనాడూ తప్పలేదు. ఈ ఏడు, కల్యాణం ఇంకో వారం ఉందనగా, తిరిగొచ్చే పల్లకికి ఎదురెళ్ళడానికి ఇద్దరూ ఆళ్ళగడ్డ వైపు వెళుతుంటే శిరివెళ్ళ దాటాక కారు దగ్గింది, తుమ్మింది, ఆగిపోయింది.

ఆళ్ళగడ్డలో పాత కార్లు బాగుచేసే మౌలాలి వచ్చి తాడు కట్టి లాక్కుపోయాడు. తన షెడ్డులో కార్బురేటరు విప్పి అరచేతిలో వంచితే ఎర్రటి పొడి రాలింది.

"ట్యాంకంతా తుప్పు, శెట్టీ. దింపాల. లోపల రాళ్ళేసి, చింతపండు పులుసు పోసి, గలగలా ఆడించాల. అప్పుడే గోడలు తెల్లబడతాయి."

"రాళ్ళా? మన నంద్యాలలో రాళ్ళకేం కరువు? నేను తెస్తా" అన్నాడు శెట్టి.

తెచ్చాడు. ఇంటి ముందు అరుగు వేసినప్పుడు మిగిలిన బేతంచెర్ల నాపరాయి ముక్కలు గోతాంలో పోసి, నున్నగా ఉన్నాయని మురిసిపోతూ తెచ్చాడు. మౌలాలి ఆ వేళ ఇంకో బండి కింద ఉన్నాడు. శెట్టే ట్యాంకులో ముక్కలు వేసి, పులుసు పోసి, మూతికి గుడ్డ కుక్కి ఆడించాడు. రెండు నిమిషాలు కాలేదు. ట్యాంకు బుసబుసమంది. గుడ్డ ఎగిరి షెడ్డు రేకుకు తగిలింది. పులుసు నురగై శెట్టి తెల్లచొక్కా మీద కారింది.

మౌలాలి బండి కింద నుంచి పాక్కుంటూ వచ్చాడు. "ఏందప్పా ఇది! నాపరాయి ఏసినావా? సున్నపురాయి కదప్పా అది! పులుపంతా అదే తాగేసి పొంగుతాంది. ఇంక తుప్పుకు ఏం మిగిల్తాది? నువ్వు మేకులమ్ముకో శెట్టీ, ఇది నాకిడిసిపెట్టు."

మర్నాడు శిల్పుల కొట్టాల దగ్గరికి వెళ్ళి నల్లరాతి ముక్కలు ఏరుకొచ్చాడు మౌలాలి. ఎక్కడి గుడికో చెంచులక్ష్మి అమ్మవారిని చెక్కుతుంటే ఉలి దెబ్బకు రాలిన ముక్కలవి. అంచులు పదునుగా ఉంటాయి, ఎంత పులుపు పోసినా పొంగవు. ఒక రోజంతా ఆడించి, కడిగి, సోడా నీళ్ళు పోసి, మళ్ళీ కడిగి, కిరోసిన్ తిప్పి ఎండలో ఆరబెట్టాడు. టార్చి వేసి చూస్తే లోపల వెండి గిన్నెలా ఉంది. బిగించి, శెట్టికి ఫోన్ చేశాడు.

శెట్టి ఇంట్లో ఆ సంగతి చెప్పి, "ఇంక కల్యాణానికి మన బంగారు ఫియట్టులోనే పోతాం తులసీ! అరుణ ఉంటే ఎంత సంబరపడేదో" అన్నాడు. ఆయనకు తెలియదు పాపం, మాట అలా జారింది. తులసమ్మ "ఊఁ" అని చారు కలుపుకుంది.

పొద్దున మౌలాలి కారు తీద్దామని చూస్తే స్టార్టు కాలేదు. ట్యాంకులో మళ్ళీ ఎర్రటి పొర.

అప్పుడు అతనికి అర్థమైంది. శెట్టికి ఫోను చేసి, ముందు ఎండల సంగతి మాట్లాడాడు. మర్యాద కదా, ఎలా అంటాడు? చివరికి, "శెట్టీ, ఇది నీళ్ళ తుప్పు కాదు. ఇంటి తుప్పు. అక్కను పిల్చుకొని రా. ఎవరిది వాళ్ళు తోముకుంటేనే పోతాది" అన్నాడు.

"మా తులసికా? దేనికి?" శెట్టి నిజంగానే అడిగాడు.

"నన్నడుగుతావేందప్పా" అని పెట్టేశాడు మౌలాలి.

శెట్టి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. తులసమ్మ తిరిగి చూడలేదు. "ఫోను మాటలు ఇన్నాను. రేపు పొద్దున బస్సుకు పోదాం" అంది. ఇన్నేళ్ళ గుట్టు రట్టయిందన్న సిగ్గుతో ఆమె మెడ కూడా ఎర్రబడింది.

ఆళ్ళగడ్డ బస్సులో ఆడవాళ్ళ సీట్లు ముందు కదా. తులసమ్మ ముందు కూర్చుంది. శెట్టి వెనకెక్కడో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దారంతా ఆయనకు ఆమె కొప్పు ఒకటే కనబడింది. పక్కనున్నామెతో ఏదో చెప్పి నవ్వుతోంది. ఏం చెబుతోందో వినబడలేదు. మెడ సాచి చూసి, మళ్ళీ సర్దుకు కూర్చున్నాడు.

మౌలాలి షెడ్డు దూలానికి అతని భార్య గుల్జార్‌బీ పాత చీరతో ఊయల కట్టింది. అందులో ట్యాంకు. లోపల నల్లరాతి ముక్కలు, చింతపండు పులుసు, మూతికి చెక్క బిరడా. "చేత్తో మోసి ఊపితే నడుం పోతాది అక్కా. ఇట్ల ఊయల ఊపు. సాయంత్రం దాకా ఆపొద్దు" అంది.

సాత్వికను ఊపిన చెయ్యే అది. తులసమ్మ పీట మీద కూర్చుని ఊపడం మొదలుపెట్టింది. గలగల, గలగల. గుల్జార్‌బీ ఎదురుగా కుట్టుమిషను ముందు కూర్చుంది.

"నా మిషను సూదికీ పడతాంటాది, మా చెల్లెలు కర్నూలు నుంచి వచ్చినప్పుడల్లా" అంది గుల్జార్‌బీ దారం కొరుకుతూ. "ఎవురికి లేదక్కా?"

"మా ఆయనకు లేదు" అంది తులసమ్మ.

"నీ మొగుడు నల్లరాయి అక్కా. ఏం పోసినా పొంగడు."

గుల్జార్‌బీ వంటకు లేచి వెళ్ళాక తులసమ్మ ఒక్కతే మిగిలింది. కాసేపు ఊరకే ఊపింది. తర్వాత ట్యాంకు వైపు తిరిగి, గొంతు తగ్గించి, "ఏమ్మా అరుణమ్మా" అంది. "ఇంక దిగవా ఆ సీటు?"

గలగల.

"శాలువా నేనే ఉతుకుతాండా, తెలుసా నీకు? ఏటా సబ్బు పెట్టి ఉతికి, మడిచి, మళ్ళీ ఆడనే పెడతాండా. నీ పెళ్ళికి నేను చాకిరి చేస్తాండా."

గలగలగల.

కుళాయి దగ్గర బిందెల కోసం పోట్లాడినట్టు పోట్లాడింది. వెనక సీటు గురించి, చల్లారిన కాఫీ గురించి, మేకుల డబ్బా గురించి, ఎన్నడూ ఎవరికీ చెప్పనివన్నీ ఆ ట్యాంకుకు చెప్పింది. ఏడ్చింది. ముక్కు కొంగుతో తుడుచుకుంది. ఊయల మాత్రం ఆపలేదు. ఎంతసేపని తిడతారు ఎవరినైనా? ఎండ గడప దాటేసరికి తిట్లు అయిపోయాయి.

"సరేగానీ అమ్మా, ఒకటడుగుతా. నీ కాలంలో కూడా గురక పెట్టేవాడా?"

గలగల గలగల!

తులసమ్మ పకపకా నవ్వింది. "నిద్రలో మేకుల రేట్లు చెబుతాడే, అది కూడానా?" మళ్ళీ నవ్వింది.

శెట్టి షెడ్డు బయట బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నవ్వు విని తలెత్తాడు. తన ఇంట్లో ఇన్నేళ్ళలో ఆ నవ్వు ఆయన వినలేదు. ఇంకోసారి వినబడింది. లేచి గుమ్మంలోకి వచ్చాడు.

"ఎవరితో తులసీ మాటలు?"

"అరుణమ్మతో."

"ఏం మాట్లాడుకుంటాండారు?"

తులసమ్మ ట్యాంకు వైపు ఒకసారి చూసింది, మొగుడి వైపు ఒకసారి చూసింది. "ఆడోళ్ళ మాటలు మీకెందుకు? పొండి, టీ తాగిరాపొండి" అంది.

ఆయన వెళ్ళలేదు. "నా గురించేనా?"

"ఇంకేం మాటలే లేవా లోకంలో మాకు?"

శెట్టి వెనక్కి వెళ్ళి బల్ల మీద కూర్చున్నాడు. లోపల గుసగుస. మళ్ళీ నవ్వు. ఇద్దరూ తనవాళ్ళే. ఒకామె పోయాక ఇంకొకామె వచ్చింది, ఇద్దరి మధ్యా ఆయనే ఉన్నాడని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఇప్పుడు చూస్తే ఇద్దరూ అటు, తానొక్కడూ ఇటు. మౌలాలి టీ తెచ్చిచ్చాడు. శెట్టి తాగలేదు. మీగడ కట్టింది. జేబులో అంగడి తాళంచెవుల గుత్తిని ఊరకే పట్టుకుని పిసుకుతూ, సాయంత్రం దాకా ఆ గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాడు.

ట్యాంకు వంచితే కుంకుమ నీళ్ళలాగా కారింది. కడిగి, ఆరబెట్టి చూస్తే మౌలాలి కళ్ళు చిట్లించాల్సి వచ్చింది, అంత మెరుపు. ఆ రాత్రి దంపతులిద్దరూ ఆళ్ళగడ్డలోనే ఉన్న బంధువు జీవమ్మ ఇంట్లో పడుకున్నారు. తులసమ్మ పడుకోగానే నిద్రపోయింది. శెట్టి గురక ఆ రాత్రి ఎవరికీ వినబడలేదు.

తెల్లారి స్నానాలు చేసి, పండ్లు, పూలు, కొబ్బరికాయలు తీసుకుని షెడ్డుకు వచ్చారు. ఆ రోజే స్వామివారి కల్యాణం. మౌలాలి ట్యాంకు బిగించి, పెట్రోలు పోసి సిద్ధంగా ఉంచాడు. తులసమ్మ అలవాటుగా వెనక తలుపు దగ్గరికి వెళ్ళి పిడి పట్టుకుంది. రాలేదు. గట్టిగా లాగింది. పిడి చేతిలోకి ఊడొచ్చింది. బందులు, గడియ అన్నీ ఎర్రగా ముద్దకట్టి ఉన్నాయి. అటువైపు వెళ్ళారు. అదీ అంతే.

"యా అల్లా! నిన్న సందకాడ నేనే తీసి లోపల ఊడ్చినా" అన్నాడు మౌలాలి.

అందరూ మర్యాదగా తులసమ్మ వైపు చూడకుండా ఉన్నారు. అంటే అందరూ ఆమె సంగతే అనుకుంటున్నారన్నమాట. ఆమె ముఖం ఎర్రబడింది. "నేను కాదు! నరసింహస్వామి మీద ఒట్టు. నా కడుపులో ఇప్పుడేమీ లేదు. కావాలంటే ట్యాంకు చూడు మౌలాలీ."

మౌలాలి మూత తీసి టార్చి వేశాడు. వెండి గిన్నె. మరకైనా లేదు.

"నాది ఎప్పుడన్నా బయటికి కనబడిందా?" అంది ఆమె మెల్లగా. "ఇది ఎవరిదో కొత్త చెయ్యి. దాచుకోను కూడా తెలీదు పాపం."

అప్పుడు గుల్జార్‌బీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె చూపు వెంటే తులసమ్మా చూసింది. శెట్టి కల్యాణం కోసమని వేసుకున్న తెల్లచొక్కా. దాని జేబు నిండా, గుండె మీద, అరచేయంత ఎర్రటి మరక. ఇంకా పాకుతోంది.

శెట్టి తల వంచి చూసుకున్నాడు. జేబులో చెయ్యి పెట్టి తాళంచెవుల గుత్తి తీశాడు. ఆయన అంగడి చెవులు, ఏ వానకూ ఏనాడూ మచ్చపడని చెవులు, వేళ్ళ మధ్య పొడిపొడిగా రాలాయి. ఇది ఏమిటో ఆయనకు తెలియక కాదు, ఇనుప వ్యాపారి కదా. తనదవుతుందని తెలియదు. చిన్నపిల్లాడిలా భార్య ముఖంలోకి చూశాడు.

"నిన్నంతా ఏం మాట్లాడుకున్నారు?" అన్నాడు. "నాకు చెప్పకుండా ఏం నవ్వుకున్నారు తులసీ?"

"అక్కా, నల్లరాయి పొంగింది!" అంది గుల్జార్‌బీ.

తులసమ్మ దగ్గరికి వచ్చి ఆ మరక మీద వేలు పెట్టింది. వేలికి ఎరుపు అంటింది. దాన్ని తుడుచుకోలేదు.

"వెనక తలుపులు రావు" అన్నాడు శెట్టి, ఎవరితోనో చెబుతున్నట్టు. కారు చుట్టూ తిరిగి, ముందు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. తులసమ్మ వంగి నీలం శాలువా తీసి, దులిపి, భుజాల చుట్టూ కప్పుకుంది. అహోబిలం దారిలో పొద్దున పూట చలి ఉంటుంది మరి. కూర్చుంది. ఫియట్టు ఒక్క తిప్పుకే అందుకుంది.

నల్లమల కొండలు దగ్గరపడ్డాయి. అక్కడ శెట్టి, "గురక సంగతేనా?" అన్నాడు. తులసమ్మ కిటికీ వైపు తిరిగి నవ్వింది. చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. స్టీరింగు మీద ఆయన చేతులు రెండూ ఎర్రగా ఉన్నాయి. ఆ చేతులతోనే స్వామి కల్యాణంలో అక్షింతలు వేశాడు.

ఆ వెనక తలుపులు ఈనాటికీ తెరుచుకోవు. బాగుచేద్దామని ఆయన ఉప్పుకాగితం తెస్తాడు, ఆమె ఎక్కడో దాచేస్తుంది. సాత్విక వచ్చినా ముందు నుంచే వంగి వెనక్కి దూరాలి. అంగడిలో ఇప్పుడు అప్పుడప్పుడు ఒకటీ అరా మేకు ఎర్రబడి కనబడుతుంది. ఆత్మకూరు వాళ్ళు చూస్తారు, మర్యాద కొద్దీ తుడుచుకుని తీసుకుపోతారు. ఉమాశంకర్ భోజనానికి రావడం మానేశాడు. శెట్టి పిలవడం మానేశాడు.

సాయంత్రం పూట తులసమ్మ అంగడికి వెళ్ళినప్పుడు మేకుల డబ్బాలో చెయ్యి పెడుతుంది. ఎర్రటిది దొరికితే పారెయ్యదు. తీసి, అందరికీ కనబడేలా పైన పెడుతుంది.